కుప్పం తోటలో వెలిసిన కుర్చీలు

కుప్పం పని సంగతి నాకు మొదట చెప్పినవాడు మా షాపు టెంపో నడిపే రాజప్ప. కరోనా మూతలన్నీ తీసేసి, మదనపల్లె బజారు మళ్ళీ మామూలుగా తెరుచుకున్న తరువాత వచ్చిన మొదటి మాఘమాసం అది. నేను కుట్టు గదిలో మిషనుకు నూనె వేస్తున్నాను. రాజప్ప గుమ్మంలోనే నిలబడి, చెప్పులు కూడా విడవకుండా చెప్పాడు.

"రత్నమ్మక్కా, కుప్పం నాయుడు గెస్ట్ హౌసు మళ్ళా తెరస్తాండాడంట. తోటలో కుర్సీలకి, ఉయ్యాలలకి అంతా కొత్త గుడ్డ. నిన్నే పంపమన్నాడు మన ఓనరు. నాయుడు ఒగ మాట మాత్రం గెట్టిగా చెప్పినాడంట. ఆ పుంగనూరు ముసలాయన నీడ గూడా నా తోటలో పడగూడదని."

పుంగనూరు ముసలాయన అంటే మస్తాన్ సాబు. నాకు కత్తెర పట్టడం నేర్పిన ఉస్తాదు.

నేను ఈ పనిలోంచి దిగి రెండేళ్ళు కావస్తోంది. ఎండలో వానలో బయట పడి ఉండే కుర్చీలకు గుడ్డ ఎలా వేస్తారు, ఎలా మారుస్తారు అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అన్ని పనులూ చెప్పుకుంటూ పోతే పుస్తకం అవుతుంది. ఈ ఒక్క పని చెబితే చాలనుకుంటాను.

కుషన్ షాపులో మెట్లుంటాయి. అడుగున హెల్పరు. పాత గుడ్డ ఊడదీయడం, పిన్నులు పీకడం, స్పాంజి దులపడం అతని పని. ఆ పైన మిషను మీద కూర్చునే కుట్టు మేస్త్రీ. ఆ పైన కటింగ్ మేస్త్రీ. కొలతా, కత్తెరా ఆయనవి. కోసిన గుడ్డ మళ్ళీ అతకదు గనుక తప్పొప్పులు కూడా ఆయనవే. వీళ్ళందరికీ పైన ఉస్తాదు. ఆయన చేత్తో పట్టని పని కూడా ఆయన పేరు మీదనే బయటికి పోతుంది. ఇది ఎక్కడా రాసిలేని కట్టుబాటు.

నేను బడికి పోయినదాన్ని కాను. నిమ్మనపల్లె పక్క పల్లెలో మా నాయన అరుగు బండ మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించాడు, పంచాంగం చదివించాడు. మా అమ్మ చేతి మిషను మీద జాకెట్లు కుట్టడం నేర్పింది. పొద్దున దీపం వెలిగించేటప్పుడు ఈ ఇద్దరికీ దండం పెట్టుకోని రోజు లేదు, ఆ రెండు విద్యలే నాకు అన్నం పెట్టాయి గనుక. మా ఆయన పోయాక, పిల్లలు లేనిదాన్ని, మదనపల్లె వచ్చి హెల్పరుగా చేరాను. మా షాపులోనే కాదు, ఆ వీధి మొత్తంలో కుషన్ పని చేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే. మధ్యాహ్నం మగవాళ్ళందరూ ఒకచోట కూర్చుని తింటుంటే నేను గుడ్డ చుట్టల వెనుక కూర్చుని తినేదాన్ని. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు.

మస్తాన్ సాబుది ఎడమచేతి వాటం. కత్తెరను ఆయన పట్టుకుంటే గుడ్డ తనంతట తానే విడిపోతున్నట్టు ఉండేది. మొదటి కుట్టు వేసేముందు బిస్మిల్లా అనేవారు. నేను లోలోపల గోవిందా అనుకునేదాన్ని. ఆయనకు అది వినిపించినట్టు ఒకసారి నవ్వి, "ఇద్దరూ వచ్చినారు గదా, ఇంగ దారం తెగదులే," అన్నారు. ఆయన నేర్పిన మొదటి సూత్రం ఇప్పటికీ నా నోట్లో ఉంది. "యెండలో ముందు సచ్చేది దారం, తర్వాత రంగు, ఆఖరికి గుడ్డ." అందుకని బయటి పనికి నూలు దారం వాడకూడదు, ఎండకు తట్టుకునే పాలిస్టరు దారమే వాడాలి. స్పాంజి కూడా నీళ్ళు నిలవకుండా కిందికి వదిలేదై ఉండాలి. రంగు నిలవడమన్నది మాత్రం గుడ్డ చేతిలోనే ఉంటుంది.

కుప్పం నాయుడుగారి తోటకు మొదటిసారి గుడ్డ వేసింది మేమే. కరోనాకు ముందు మాట. ఆరు కుర్చీలు, రెండు ఉయ్యాల బల్లలు. నెమలికంఠం రంగు గుడ్డ. చుట్ట విప్పగానే షాపంతా ఆ రంగే అయింది. సరిగ్గా కోత మొదలుపెట్టే నాడు, పుంగనూరులో ఉస్తాదు భార్య జైనబ్బీ గారికి జబ్బు చేసిందని ఫోను వచ్చింది. ఆయన కత్తెర తీసి నా ముందు పెట్టారు.

"రత్నమ్మా, నువ్వే కొయ్యి."

పక్క మిషను మీద ఉన్నాయన ఊరుకోలేదు. "జాకెట్లు కోసే చెయ్యప్పా! సూస్తాండండి, నాయుడుగారి కుర్సీకి మోచేతి చేతులు బెడ్తాది," అన్నాడు. అందరూ నవ్వారు. ఉస్తాదు మాత్రం నవ్వలేదు. "పెట్టనీ. నువ్వు కుట్టుకున్న కోటు మాదిరి ఒగ చెయ్యి పొట్టిగా ఉండదు," అని చెప్పి బస్సుకు వెళ్ళిపోయారు.

మూడు రోజులు కోశాను. ఏ ఒక్కరినీ ఏమీ అడగలేదు. అడిగితే నవ్వుతారని. జాకెట్టు గుడ్డకు చేసినట్టే ముందుగా మిల్లు అంచు కత్తిరించి తీసేశాను. ముక్క ముక్కకూ వెనుక ముఖాన సుద్దతో గుణకారం గుర్తు పెట్టాను. ఇది మా షాపు పద్ధతి. గుర్తు పడిన ముఖం లోపలికి, గుర్తు లేని ముఖం ఎండకు. గుణకారం కింద ఒక చుక్క పెట్టడం నా అలవాటు. అమ్మ దగ్గర నేర్చుకున్నప్పటినుంచీ అంతే. ఉస్తాదు తిరిగి వచ్చేసరికి అన్నీ కుట్టి, స్పాంజి నింపి, చట్రాలకు బిగించి, గోనె చుట్టి మూటలు కట్టేశారు. టెంపో వాకిట్లో ఉంది. ఆయన పైపైన ఒక మూట తడిమి చూసి, నా వైపు తల ఊపారు. ఆ తల ఊపు నాకు ఏ పట్టాకూ తక్కువ కాదు.

రెండు వేసవులు తిరగకముందే నాయుడుగారి ఫోను వచ్చింది. గుడ్డంతా వెలిసిపోయిందని, మంచి గుడ్డ అని చెప్పి నాసిరకం వేశారని. ఉస్తాదు తానే బస్సెక్కి కుప్పం పోయి చూసి వచ్చారు. షాపులో అందరి ముందు ఒకే మాట చెప్పారు. "తప్పు నాదే."

అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పని చోట లోకం తన మాట పెట్టుకుంటుంది. మస్తాన్ సాబు గుడ్డ మార్చేశాడు అన్నది వీధి. మదనపల్లె నుంచి పుంగనూరుకు, పుంగనూరు నుంచి కుప్పానికి ఆ మాట టెంపోల మీద తిరిగింది. నేను ఒకరోజు నేరుగా అడిగాను, గుడ్డలో ఏం తేడా ఉంది ఉస్తాద్ అని. ఆయన నా ముఖం చూడకుండా, "పో, పని సూసుకో పో," అన్నారు. ఎప్పుడూ అలా అనని మనిషి. జైనబ్బీ గారి వైద్యానికి ఎంతో అవసరం వచ్చి ఉంటుంది, అందుకే చేసి ఉంటారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జాలి పడ్డాననుకున్నాను. నిజానికి వీధి మాటనే నమ్మాను.

ఆయన షాపు మానేసి పుంగనూరు వెళ్ళిపోయారు. ఏ షాపూ ఆయన్ను పిలవలేదు. పుంగనూరు మాకు గంట ప్రయాణం. నేను పోలేదు.

ఇదీ రాజప్ప గుమ్మంలో నిలబడి ఆ కబురు చెప్పేనాటికి ఉన్న పరిస్థితి. పైగా ఓనరు ఇంకొక మాట కలిపాడు. ఈ పని చక్కగా చేసి వస్తే ఉగాది నుంచి కటింగ్ బల్ల నీదేనమ్మా అని. ఆ వీధిలో ఆ బల్ల ముందు కటింగ్ మేస్త్రీగా ఆడమనిషి నిలబడటం అప్పటిదాకా లేదు.

కుప్పంలో నాకు తొమ్మిది రోజుల పని పడింది. గెస్ట్ హౌసు ఇంకా తెరవలేదు. గదులన్నీ తాళాలు. నాకు తోట వెనుక పనిముట్ల గది ఇచ్చారు. నా చిన్న దేవుడి పటం కిటికీలో పెట్టుకుని, దానికి ఎదురుగా మిషను వేసుకున్నాను. తోట పని చేసే మునెమ్మ పొద్దున వచ్చి, నీళ్ళు కట్టి, మధ్యాహ్నానికి వెళ్ళిపోయేది. ఆ తరువాత నాతో మాట్లాడేందుకు ఎవరూ ఉండరు. దూరంగా బెంగుళూరు రైలు కూత వినిపిస్తే, అందులో కిక్కిరిసి కూర్చున్న జనాన్ని తలుచుకునేదాన్ని.

మొదటి రోజు మునెమ్మ నన్ను ఎగాదిగా చూసి, "మేస్త్రీ యాడమ్మా? యెనక వస్తాండాడా?" అని అడిగింది.

నేనే మేస్త్రీనన్నాను.

"అట్లనా! మా ఆయప్పకు చెప్తా. ఇంట్లో మంచం నవారు తెగి ఆర్నెల్లాయ, ఆడోళ్ళకు రాదులే అని ఆయన కూసున్నాడు, మొగోళ్ళకు రాదులే అని నేను కూసున్నా. ఇద్దురూ కిందనే పండుకుంటాండాము," అని నవ్వింది.

కుర్చీలు కొట్టంలో వేసి ఉన్నాయి. రెండేళ్ళు తోటలో ఎండకు ఉండి, తరువాత గెస్ట్ హౌసు మూతపడ్డాక అక్కడే పడి ఉన్నాయి. వాటిని బయటికి లాగి వెలుతురులో చూశాను. నెమలికంఠం రంగు అన్నది ఎక్కడా లేదు. గిన్నెలు తోమిన బూడిద నీళ్ళ రంగు. నేను కోసిన గుడ్డే అని తెలుసు గానీ, గుర్తుపట్టలేకపోయాను.

పాత కుర్చీ విప్పడానికి ఒక వరుస ఉంది. ముందు తలకిందులు చేసి, అడుగున దుమ్ము పడకుండా వేసిన నల్ల గుడ్డ తీయాలి. తరువాత చట్రానికి కొట్టిన పిన్నులు ఒక్కొక్కటే పీకాలి. అప్పుడు చట్రం కిందికి మడిచిన గుడ్డ మడత విడుతుంది. ఆ మడతకు ఎండ తగలదు. ఎంత వెలిసిన గుడ్డకైనా అసలు రంగు అక్కడ దాగి ఉంటుంది. కొత్త గుడ్డ రంగు సరిపోల్చుకోవడానికి మేము ఆ మడతలోంచే ఒక పీలిక కోసుకుంటాము.

ఈసారి గుడ్డ నాయుడుగారే తెప్పించారు. మా మీద నమ్మకం లేక. అదే మిల్లు, అదే రంగు. ఉస్తాదు షాపు మానేసిన తరువాత మా దగ్గర రెండు ముఖాలూ ఒకటిగా ఉండే గుడ్డలే వాడుతూ వచ్చాము. అందువల్ల ఈ రకం గుడ్డ నా చేతికి రావడం మొదటి కుప్పం పని తరువాత ఇదే. చుట్ట పక్కన పెట్టుకుని, మొదటి కుర్చీ మడతలోంచి పీలిక తీసి దాని మీద పరిచాను.

పీలికకు ఒక ముఖం నిగనిగలాడుతోంది. రెండో ముఖం మెరుపు లేకుండా మొద్దుగా, కానీ నిండు రంగుతో ఉంది. కొత్త చుట్ట మిల్లు అంచు మీద బాణం గుర్తు వేసి ఇంగ్లీషులో ఏదో అచ్చు ఉంది. మొదటిసారి కోసేనాటికి నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. తరువాత దారం కండెల మీద, పెట్టెల మీద చూసి చూసి కూడబలుక్కోవడం వచ్చింది. కూడబలుక్కుని చదివాను. ఈ ముఖం ఎండకు అని ఉంది. బాణం చూపిస్తున్నది మొద్దు ముఖాన్ని.

ఎండకు తట్టుకునే మందు పూత ఆ మొద్దు ముఖానికే ఉంటుంది. పూత వల్లనే మెరుపు చచ్చి ఉంటుంది. నాకు అమ్మ నేర్పింది వేరు. పట్టు గానీ సాటిన్ గానీ, మెరిసేదే పైముఖం. జాకెట్టుకు అది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను మెరిసే ముఖాన్ని ఎండలో పెట్టి, పూత ముఖాన్ని లోపల దాచి, ఎనిమిదింటికి ఎనిమిదీ తిరగేసి కోశాను. ఎటు పెట్టాలో చెప్పే మిల్లు అంచును ముందే కత్తిరించి చెత్తలో వేశాను.

గుడ్డ లోపలికి తిప్పి చూశాను. మొద్దు ముఖాన సుద్ద గుణకారం, కింద చుక్క. ఇన్నేళ్ళకూ చెరగలేదు.

ఆ పూట ఇంకేమీ విప్పలేదు. మరునాడు మూడో కుర్చీ తలకిందులు చేశాను. దీని అడుగున నల్ల గుడ్డకు ఒకవైపు పిన్నులు లేవు. చట్రం అడుగు పట్టీకి కలిపి వేసిన చేతి కుట్టు ఉంది. సన్నగా, దగ్గరగా, ప్రతి కుట్టూ నా కుట్టుకు ఎదురు దిక్కుకు వాలి ఉంది. ఎడమచేతి కుట్టు. మా మూడు ఊళ్ళ కుషన్ పనివాళ్ళలో ఎడమచేత్తో కుట్టే మనిషి ఒక్కరే.

ఫిర్యాదు వచ్చినప్పుడు ఆయన ఈ కుర్చీ విప్పారు. మడత తీసి చూశారు. నా గుర్తు చూశారు. మళ్ళీ మూసి, కుట్టి, మదనపల్లె వచ్చి తప్పు నాదే అన్నారు.

నేల మీద కూర్చుని ఆ కుర్చీని వొళ్ళోకి లాక్కున్నాను. నీళ్ళ గొట్టం ఈడ్చుకుంటూ వచ్చిన మునెమ్మ ఆ కుర్చీని చూసి ఆగింది.

"ఈ కుర్సీనే అమ్మా ఆ సాయిబు ముసలాయన వొళ్ళో పెట్టుకునింది. అప్పుడు గూడా నేనీడే ఉండా. తలకిందులు జేసుకొని చానాసేపు కూసున్నాడు. నువ్వు కూసున్నట్లే. నీళ్ళిస్తే తాగినాడు. మా నాయుడయ్య వచ్చి నోటికొచ్చినట్ల తిట్టె. 'తప్పు నాదే సామీ, గుడ్డ తెచ్చి మళ్ళా నేనే కుడతా' అనె ఆయప్ప. అయ్య యినలే, గేటు సూపిచ్చినాడు. పోతా పోతా నాకు మాత్రం, 'అమ్మా, నీ నీళ్ళు తియ్యగా ఉండాయి' అనేసి పాయ."

నాలుగో రోజు నాయుడుగారు పని చూడటానికి వచ్చారు. అప్పటిదాకా నేను ఆలోచించింది ఒకటే. చెప్పకపోతే కటింగ్ బల్ల నాది. చెబితే ఉస్తాదు పేరు ఆయనకు తిరిగి వస్తుంది. మధ్యలో మూడో దారి ఉందేమో అని దేవుడి పటం ముందు కూర్చుని వెతికాను. లేదు. లేకపోవడమే మంచిదయింది.

గుడ్డ మడత, సుద్ద గుర్తు, మిల్లు అంచు మూడూ చూపించి, కోసింది నేనే, గుడ్డ మంచిదే, తిరగేసింది నా చెయ్యి అని చెప్పాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని విన్నారు. మంచి మనిషే, మాట కటువు.

"ఏమ్మా, గురువును కాపాడల్లని సూస్తాండావు. మంచిదే. ఆ కాలానికి నువ్వు హెల్పరువి. కత్తెర నీకెవరిస్తారు? ఆయప్పే తప్పు నాదే అన్నాక, నువ్వెవరు కాదనేదానికి?"

సుద్ద గుర్తు ఎవరైనా ఎప్పుడైనా పెట్టుకోవచ్చన్నారు. అదీ నిజమే. మాటతో తేలదని నాకు అర్థమైంది. నాకొక ఉపాయం తోచింది. తోపించిన వాడికి దండం.

మా వైపు చొక్కా కాలరు అరిగితే పారేయము. విప్పి, తిరగేసి, మళ్ళీ కుడతాము. ఆ మూడో కుర్చీ పాత గుడ్డనే అలా తిరగేసి వేస్తానన్నాను. ఎండ చూడని పూత ముఖం ఇప్పుడు పైకి వస్తుంది. మిగిలిన ఐదు కుర్చీలకూ ఉయ్యాలలకూ ఆయన తెప్పించిన కొత్త గుడ్డ. అన్నీ ఒకే ఎండలో పక్కపక్కన ఉంటాయి. ఉస్తాదు వేసింది నాసిరకమైతే వేసవి దాటేసరికి ఆ ఒక్క కుర్చీ వెలిసిపోతుంది. వెలవకపోతే ఆ గుడ్డా మంచిదే, ఆ మనిషీ మంచివాడే.

నాయుడుగారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "సరే, పెట్టు. యెండ యెవురి మాటా యినదు గదా," అన్నారు.

ఎండలో ఉన్న పాత గుడ్డను తిరగేసే ముందు దాని సత్తువ చూడాలి. రెండు బొటనవేళ్ళు దగ్గరగా పెట్టి, గుడ్డను చెవి దగ్గర గట్టిగా లాగాలి. లోపల పోగులు తెగుతుంటే చిటపట వినిపిస్తుంది. వినిపిస్తే పనికిరాదు. ఉయ్యాలల గుడ్డ చిటపటలాడింది. కుర్చీది మాత్రం మాట్లాడలేదు. పాత కుట్టు రంధ్రాలు కొత్త కుట్టు లోపలికి పోయేట్టు అర అంగుళం లోపలికి జరిపి కుట్టాను. ఆ మేరకు స్పాంజి కూడా చెక్కవలసి వచ్చింది. అడుగున నల్ల గుడ్డను విప్పినంత మేర మాత్రం మళ్ళీ మూసి, ఒకవైపు ఆయన కుట్టును కదిలించకుండా వదిలేశాను. తొమ్మిదో రోజుకు అన్నీ గడ్డి మీద వేసి చూస్తే, ఆ కుర్చీ ఏదో నాకూ చేత్తో తడిమితే గానీ తెలియలేదు.

మదనపల్లె బస్సు పుంగనూరు మీదుగానే వస్తుంది. అక్కడ దిగాను.

ఉస్తాదు వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నారు. పక్షవాతం వచ్చిందని అప్పుడే తెలిసింది. ఎడమచెయ్యి వొళ్ళో పెట్టుకుని, దాన్ని కుడిచేత్తో పట్టుకుని ఉన్నారు. జైనబ్బీ గారు నన్ను చూసి ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. తరువాత లోపలికి పోయి చాప తెచ్చి వేశారు.

నేను కుప్పంలో చూసిందంతా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. చివరికి, "తిరగేసినదాన్ని యే దారంతో కుట్టినావు?" అని అడిగారు.

పాలిస్టరు దారమే అన్నాను.

"రెండు వరసలా?"

"రెండు వరసలే ఉస్తాద్."

"ఆఁ. అట్లయితే సరే."

ఎందుకు చెప్పలేదని అడిగాను. మాట కొంచెం ముద్దగా వస్తోంది.

"చెప్పింటే యేమయ్యేదమ్మా? ఆడదానికి కత్తెరిస్తే ఇంతే అనుందురు. నిన్నొక్కదాన్నే అంటే పడుందువు. ఇంగ యే షాపోడూ, యే ఆడకూతురికీ కత్తెర ఇయ్యడు. ఇచ్చింది నేను. మిల్లు అంచు సూడమని చెప్పకుండా పోయింది నేను. బీబీకి బాగలేదని మతి ఈడ లేదు ఆపొద్దు. తప్పు నాదే అంటే అబద్దమా అది?" ఎడమచేతిని కుడిచేత్తో సర్దుకుని అన్నారు, "నేను ముసలోన్ని. నాకింగ యెన్ని కుర్సీలు మిగిలినాయి?"

నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. "నక్కో బేటీ, నక్కో," అని కుడిచేత్తో వారించారు.

బస్సుకు సాగనంపుతూ వీధి మలుపులో జైనబ్బీ గారు మెల్లగా చెప్పారు. "నీ మీద ఆయనకు కోపం లేదమ్మా. ఆదివారం మీ షాపుకు సెలవు గదా. ప్రతి ఆదివారం మదనపల్లె బస్సు వచ్చే టయానికి మంచం వాకిట్లోకి వేయించుకుంటాండె. యాల అంటే, గాలికి అంటాడు."

మదనపల్లె చేరిన మర్నాడు పొద్దున షాపులో అందరూ ఉండగా చెప్పాను, కుప్పం కుర్చీలు వెలిసింది నా కోత వల్ల అని. పక్క మిషను ఆయన మోచేతి చేతుల మాట మళ్ళీ అనలేదు. అనుంటే బాగుండేది. ఉగాదికి కటింగ్ బల్ల ముందుకు వేరే ఊరి నుంచి ఒక మేస్త్రీ వచ్చారు. ఓనరు నన్ను పనిలోంచి తీసేయలేదు. అందుకు ఆయనకు ఎప్పుడూ కృతజ్ఞురాలినే. దిగేదాకా కుట్టు మేస్త్రీగానే ఉన్నాను. ఆ తరువాత ప్రతి ఆదివారం పుంగనూరు పోయాను. అవి పద్నాలుగు ఆదివారాలు. పదిహేనో ఆదివారానికి ఆయన లేరు.

మరుసటి సంవత్సరం వేసవి దాటాక నాయుడుగారు షాపుకు ఫోను చేసి నన్ను పిలిపించారు. ఆరు కుర్చీలూ పక్కపక్కన ఉన్నాయని, తిరగేసిన కుర్చీ ఏదో పోల్చుకోలేక మునెమ్మ చేత తలకిందులు చేయించి, అడుగున కుట్టు చూసి తెలుసుకున్నామని చెప్పారు. ఆ పెద్దాయనకు ఒక మాట చెప్పుకోవాలి, ఇల్లు ఎక్కడ అని అడిగారు. ఆయన పోయారని చెప్పాను. అయినా నాయుడుగారు పుంగనూరు వెళ్ళారు. టీ తాగి, మంచం వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నారని జైనబ్బీ గారు తరువాత చెప్పారు. చెప్పుకోవాలనుకున్న మాట ఏమిటో ఆమెకూ చెప్పలేదట.

ఈ పని నాకు నేర్పింది మూడు సంగతులు. బయటి గుడ్డకు మిల్లు అంచును చివరిదాకా కోయకూడదు. నవ్వుతారని అడగకుండా కోసిన గుడ్డ కన్నా, నవ్వించుకుని కోసిన గుడ్డ మేలు. గుడ్డ వెలిసిందంటే ఎవరి మీదైనా మాట వేసేముందు మడత విప్పి చూడాలి. నేను మడత విప్పడానికి అన్నేళ్ళు పట్టింది.

ఇప్పుడు చదివేవారిని ఒకటి అడుగుతాను. కుప్పం వైపు గానీ, పుంగనూరులో గానీ, మదనపల్లె కుషన్ వీధిలో గానీ, మస్తాన్ సాబు గుడ్డ మార్చాడన్న మాట మీ చెవిన పడి ఉంటే, ఆ మాటలోంచి ఆయన పేరు తీసి రత్నమ్మ అని పెట్టుకోండి. ఆయన పేరును మాత్రం పారేయకండి. ఎడమచేత్తో కుట్టేవాడు, మొదటి కుట్టుకు ముందు బిస్మిల్లా అనేవాడు, ఒక ఆడమనిషి చేతిలో కత్తెర పెట్టి దాన్ని వెనక్కి తీసుకోనివాడు. ఆయన్ను ఒక్కసారి తలుచుకోండి.